ఒక మారుపేరు తెచ్చిన తంటా

2023 వేసవి. సికింద్రాబాద్‌లో ఒక కాలేజీ, రెండో అంతస్తు చివర్న సోషియాలజీ డిపార్ట్‌మెంట్. మూడు బల్లలు, రెండు బీరువాలు, తిరుగుతున్నంతసేపూ మూలిగే ఒక ఫ్యాను. అక్కడ ఎం.ఏ. పిల్లలకి సోషియాలజీ, దానితో పాటు ఆంత్రోపాలజీ పేపరు చెప్పడం మొదలుపెట్టి అప్పటికి నాకు ఇరవై రెండేళ్ళు. పెళ్ళిళ్ళలో ఎవరైనా పక్కన కూర్చుని "అందులో ఏం చెప్తారండీ?" అని అడుగుతారు. "మనుషులు ఎలా బతుకుతున్నారో చూడటం, రాయడం" అంటాను. "దానికి మళ్ళీ డిగ్రీ ఎందుకూ?" అని నవ్వి వడ్డన వైపు చూస్తారు. వాళ్ళ మీద నాకు కోపం లేదు. ఒక్కోసారి నాకూ అదే అనుమానం వస్తుంది. చూడటానికి డిగ్రీ అక్కర్లేదు గానీ, చూసింది రాసి ఊళ్ళో పెట్టినప్పుడు ఏమవుతుందో తెలియడానికి మాత్రం కొంచెం చదువుండాలి. అదేదో నాకు బాగా తెలుసుననే అనుకుంటూ ఉండేదాన్ని.

మా పిల్లలు చివరి సెమిస్టర్‌లో డిసర్టేషన్ రాయాలి. ఒక చోటికి వెళ్ళి, కొన్ని నెలలు అక్కడివాళ్ళ మధ్య తిరిగి, మాట్లాడి, చూసింది చూసినట్టు రాయడం. దీన్నే ఫీల్డ్‌వర్క్ అంటాం. ఆ ఏడాది నవ్య అనే అమ్మాయి బొల్లారంలో ఒక బస్తీని ఎంచుకుంది. ఆ గల్లీలో ఆడవాళ్ళు చాలామంది పొద్దున్నే బస్సెక్కి సికింద్రాబాద్ వచ్చి ఇళ్ళలో వంట చేస్తారు. వాళ్ళు వండే ఇళ్ళలో మడి, ఎంగిలి లాంటి పట్టింపులు ఎలా ఉన్నాయి, వాటిని వీళ్ళు ఎలా పాటిస్తున్నారు, ఎక్కడ పాటించడం లేదు, ఇదీ విషయం. మంచి విషయం. నవ్య కష్టపడింది కూడా. సెలవు రోజుల్లో అక్కడే కూర్చుని వాళ్ళతో చిక్కుడుకాయలు ఒలుస్తూ మాట్లాడించింది.

మొదటి ముసాయిదా చూసి నేనే తిట్టాను. అందులో మాట్లాడిన తొమ్మిది మందినీ "ఇన్‌ఫార్మెంట్ 1, ఇన్‌ఫార్మెంట్ 2" అని రాసింది. ఇన్‌ఫార్మెంట్ అంటే మనకి సమాచారం చెప్పిన మనిషి.

"ఏమిటమ్మా ఇది? మనుషులా, సిటీ బస్సులా? నంబర్లు తీసి పేర్లు పెట్టు. అసలు పేర్లు కాదు, సూడోనిమ్స్ పెట్టు."

సూడోనిమ్ అంటే మారుపేరు. మనతో మనసు విప్పి మాట్లాడిన మనిషికి మన రాతవల్ల చెడు జరక్కూడదని పేరు మార్చి రాస్తాం. ఏ మారుపేరు ఎవరిదో తెలిపే పట్టిక ఒకటి విడిగా ఉంటుంది, దాన్ని కీ షీట్ అంటాం. అది కవరులో పెట్టి అంటించి, డిపార్ట్‌మెంట్ బీరువాలో పెట్టి తాళం వేస్తాను. నేను కూడా చూడను.

"పేర్లు ఎట్లాంటివి పెట్టాలి మేడం?" అని నవ్య అడిగింది.

"ఆ చోటికి నప్పేవి. సినిమా హీరోయిన్ల పేర్లు పెట్టకు" అన్నాను. అంతే నేను చెప్పింది. ఇంకో రెండు ముక్కలు చెప్పి ఉంటే ఈ కథ ఉండేది కాదు.

నప్పే పేర్ల కోసం నవ్య చేసిన పని తెలివైనదే. బస్తీ మొదట్లో కమ్యూనిటీ హాలు గోడ మీద ఎప్పుడో రాసిన మహిళా సంఘం సభ్యుల పేర్లు సగం చెరిగిపోయి ఉన్నాయి. అవి పాతకాలం పేర్లు, వాళ్ళెవరూ ఇప్పుడు ఇక్కడ లేరు అనుకుని, వాటిలో తను కలిసినవాళ్ళ పేర్లు కానివి ఏరుకుని వాడుకుంది. అందులో ఒకటి సరళ.

డిసర్టేషన్‌కి మంచి మార్కులు వచ్చాయి. దాని తరవాత నేను ప్రతి బ్యాచ్‌కీ చెప్పే సుద్దులు ఉన్నాయి కదా: "వాళ్ళ దగ్గర తీసుకోవడమేనా, వాళ్ళకి తిరిగి ఇచ్చేదేమైనా ఉందా? మీరు రాసింది వాళ్ళకి అర్థమయ్యే భాషలో వాళ్ళ చేతుల్లో పెట్టండి." నవ్య మాట వినే పిల్ల. పన్నెండు పేజీల్లో తెలుగులో సారాంశం రాసి, ముప్ఫై కాపీలు జిరాక్స్ తీయించి, పిన్నులు కొట్టి, గల్లీలో పంచింది. అందరూ సంతోషించారని వచ్చి చెప్పింది. నేనూ సంతోషించి క్యాంటీన్‌లో టీ ఇప్పించాను.

పది రోజులు గడిచాక ఒక ఉదయం మా అటెండరు వచ్చి, "ఎవరో ఆడమనిషి మేడం, పుస్తకం రాసినోళ్ళు గావాల్నంటున్నది" అన్నాడు. వెనకాలే ఆమె వచ్చేసింది. నలభై అయిదేళ్ళుంటాయి. నీటైన నేత చీర, చేతిలో కూరల సంచి, సంచిలో మా పన్నెండు పేజీల పుస్తకం లేదు గానీ కోపం మాత్రం నిండా ఉంది.

"బొల్లారం గల్లీ మీద రాసింది మీ పిల్లనేనా మేడం?"

"అవునమ్మా. కూర్చోండి. మీ పేరు?"

"సరళ. నా పేరు మీరే రాసిన్రు గద, మళ్ళ నన్నే అడుగుతరా?"

నాకు ముందు అర్థం కాలేదు. తొమ్మిది మందిలో ఒకావిడ మారుపేరు సరళ అని గుర్తుంది. ఆవిడే వచ్చిందా, మారుపేరు తనదేనని తనకి ఎవరు చెప్పారు, అని ఆలోచిస్తున్నాను. ఈలోగా ఆమె చెప్పడం మొదలుపెట్టింది.

ఈమె అసలు సరళ. అదే గల్లీలో ఉంటుంది. పొద్దున అయిదింటికి ఇల్లు వదిలితే మళ్ళీ చీకటి పడేవేళకి వస్తుంది కాబట్టి నవ్యకి ఎప్పుడూ కనబడలేదు. పదకొండేళ్ళుగా పద్మారావు నగర్‌లో కమలమ్మ గారనే పెద్దావిడ ఇంట్లో వంట చేస్తోంది. గల్లీలో ఎవరో "పుస్తకంల నీ పేరున్నది" అన్నారట. సరళకి చదవడం అంతగా రాదు. తన పేరు అచ్చులో ఉందన్న సంబరంతో ఆ పుస్తకాన్ని తీసుకెళ్ళి తన చేతులతోనే కమలమ్మ గారికి ఇచ్చింది.

"అమ్మ రిటైరైన టీచరు మేడం. సదివి ఇనిపియ్యమన్న. నేను కింద కూసొని ఇంటున్న. సదివింది, సదివింది, ఒక్కకాడ ఆగింది. నా మొకం చూసింది. పుస్తకం మూసింది. రేపటి సంది రాకు సరళా అన్నది. ఇగ ఒక్క మాట లే."

పుస్తకంలో ఆ చోటు ఏమిటో నాకు వెంటనే గుర్తొచ్చింది. మారుపేరు సరళ అక్కడ చెప్పిన మాట: "రుచి చూడకుంట వంట ఎట్లయితది? ఆళ్ళు దేవునికి పెట్టక ముందు నోట్ల పెట్టుకోవద్దంటరు. నేనైతె ఆళ్ళు తానానికి పోయినప్పుడు అరచేతుల ఏస్కొని చూస్తా. చెయ్యి కడుక్కుంటా. దేవునికి తెల్వదా? తెలుస్తది. ఆయన ఏమనుకోడు."

చదివినప్పుడు నేనూ నవ్యా మురిసిపోయిన పేరా అది. పరీక్షకుడు కూడా పక్కన టిక్కు పెట్టాడు.

కమలమ్మ గారింట్లో నైవేద్యం పట్టింపు ఎంతో సరళ చెబితే తెలిసింది. ఆవిడ మోకాళ్ళు అరిగాక, పట్టింపులు కూడా కొన్ని అరిగాయట. వంటింట్లోకి బయటి మనిషిని రానిచ్చింది, గ్యాసు పొయ్యి వచ్చింది, మిక్సీ వచ్చింది. మిగిలింది ఒక్కటే. సరళ ఆ ఇంటికి చేరగానే అక్కడే స్నానం చేసి, అక్కడే ఉతికి ఆరేసిన చీర కట్టుకుని వండాలి. వండింది దేవుడికి పెట్టేదాకా ఎవరి నాలుకా దాన్ని తాకకూడదు. ఆ తరవాతే ఇంట్లోవాళ్ళ భోజనం, చివర్న సరళది.

"పదకొండేండ్లల్ల ఒక్కనాడు నోట్ల ఏసుకోలే మేడం. మా అయ్య మీద ఒట్టు. వాసన చూసి వండుతా. నా చెయ్యి నాకు చెప్తది. ఇప్పుడు ఆ అపార్ట్‌మెంట్ అంత తెలిసింది, సరళ ఎంగిలి చేసి దేవునికి పెట్టిందని. ఇగ నన్ను ఎవలు రానిస్తరు? పని పోతె పోయె, దొంగదాన్ని అయిన."

నేను నవ్యకి ఫోన్ చేశాను. మారేడ్‌పల్లి నుంచి అరగంటలో వచ్చింది. విషయం విని అక్కడే ఏడ్చేసింది. తిలాపాపం తలా పిడికెడు అంటారు గానీ ఇందులో నా పిడికిలే పెద్దది. పేర్లు పెట్టమన్నది నేను. పంచమన్నది నేను. పెట్టిన పేరుగల మనిషి ఆ గల్లీలో నిజంగా ఉందేమో చూశావా అని అడగనిది నేను.

సరళ అడిగింది మాత్రం చాలా న్యాయమైన మాట. "గా మాటన్నది నేను గాదు. మరి ఎవలు? పేరు చెప్పున్రి. ఆమెను తోలుకపోయి అమ్మకు చెప్పిస్తా."

"చెప్పకూడదమ్మా" అన్నాను.

"ఎందుకు? నా పేరైతె రాయొచ్చు, ఆమె పేరు చెప్పొద్దా?"

దీనికి నా దగ్గర ఉన్న జవాబు క్లాసులో చెప్పడానికి బాగుంటుంది, పని పోయిన మనిషి ముందు చెప్పడానికి నోరు రాలేదు. నవ్యకి పేరు తెలుసు. బీరువాలో కవరు ఉంది. సరళ నా చూపు ఎటు పోయిందో కనిపెట్టింది.

"అండ్ల ఉన్నదా కాయితం? తియ్యున్రి మేడం. నేను ఆమెను ఏమనను."

నిజం చెప్పాలంటే తాళంచెవి కోసం నా చెయ్యి సొరుగు దాకా వెళ్ళింది. ఆ అసలావిడ కూడా అలాంటి పట్టింపు ఉన్న ఇంట్లోనే వండుతోంది. ఈమె పని నిలబెట్టాలంటే ఆమె పని పోవాలి. ముందు నుయ్యి, వెనక గొయ్యి. సొరుగు మూసేసి, "రెండు రోజులు టైమివ్వండి, కమలమ్మ గారితో నేను మాట్లాడతాను" అన్నాను. సరళ సంచి తీసుకుని లేచింది. "మాట్లాడున్రి. మీరు మంచిగ మాట్లాడుతరని చూస్తుంటేనే తెలుస్తుంది" అంది. అది మెచ్చుకోలు కాదని నాకు తెలుసు.

ఆ సాయంత్రం నవ్య తనంతట తను ఆ అసలావిడ దగ్గరికి వెళ్ళింది. మరునాడు మొహం వేలాడేసుకుని వచ్చింది. "నిన్ను నమ్మి చెప్పిన, నా బతుకు బజార్ల పెట్టకు" అని ఆవిడ నవ్య చేతులు పట్టుకుందట. "సరళక్క కోసం నేను సుత పరేషాన్ అయితున్న, గానీ నాకు ఇద్దరు పిల్లలు" అందట. ఆవిడని తప్పు పట్టలేను. ఎవరికీ చెప్పం అని సంతకం పెట్టించుకుంది మేమే.

శనివారం పొద్దున పదకొండింటికి నేనూ, నవ్యా, సరళా ముగ్గురం పద్మారావు నగర్ వెళ్ళాం. నేను చీర మార్చుకుంటూ ఇంట్లో ఎంత రిహార్సల్ చేశానో మా ఆయన్ని అడగాలి. లిఫ్టు దగ్గర సరళ ఆగిపోయింది. "నన్ను రావద్దన్నది గద. పిలిస్తె వస్తా" అని మెట్ల మీద కూర్చుంది. నవ్య పక్కన కూర్చుంది. నేను బెల్లు కొట్టాను.

కమలమ్మ గారు బక్కగా, తెల్లగా, సూటిగా ఉన్నారు. భర్త రంగారావు గారు హాల్లో కిటికీ పక్కన పేపరు చదువుకుంటూ తల ఊపారు. టీపాయ్ మీద మా పుస్తకం ఉంది. పైపేజీలో అచ్చుతప్పులన్నీ పెన్సిల్‌తో దిద్ది ఉన్నాయి. ఇద్దరం టీచర్లమే కాబట్టి ఆ దిద్దుబాట్లు చూడగానే నాకు ఎన్ని మార్కులు పడతాయో తెలిసిపోయింది.

"మీ పేరు?"

"ఎస్తేరండీ. ఆ పుస్తకం రాసిన అమ్మాయికి గైడుని నేనే."

"ఎస్తేరు. చర్చివాళ్ళా?"

"అవునండీ. మాది తెనాలి వైపు. మా నాన్నగారు ఇక్కడి స్కూలుకి టీచరుగా వచ్చారు. మారేడ్‌పల్లిలోనే పెరిగాను."

"మీలో అన్నం ముందు ప్రార్థన చేస్తరు గద. ప్రార్థన కాకముందే వంటామె తిన్నదంటే మీకేమనిపిస్తది?"

"ఆకలనిపిస్తుందండీ. మా పెద్దవాళ్ళ ప్రార్థన కాస్త పొడుగు."

పేపరు వెనక రంగారావు గారు చిన్నగా దగ్గారు. కమలమ్మ గారు నవ్వలేదు గానీ మంచినీళ్ళు తెచ్చి ఇచ్చారు.

ఆవిడ నమ్మకం తప్పని చెప్పడానికి నేను అక్కడికి వెళ్ళలేదు. పనివాళ్ళ హక్కుల గురించి ఉపన్యాసం ఇవ్వడానికీ వెళ్ళలేదు, అది నాకు బాగానే వచ్చినా. జరిగింది జరిగినట్టు చెప్పాను. మారుపేర్ల పద్ధతి చెప్పాను. గోడ మీది పేర్ల సంగతి చెప్పాను. తప్పు మాది, సరళది కాదు, ఆమె మా పుస్తకంలో అసలు లేనే లేదు, ఇప్పుడు బయట మెట్ల మీద కూర్చుని ఉంది అన్నాను.

ఆవిడ ఓపిగ్గా విన్నారు. "మీరు చెప్పింది సమజైంది. సరళ కాదంటరు. మరి ఎవరు?"

"అది చెప్పలేనండీ."

"ఎవరో చెప్పరు, ఈమె కాదని మాత్రం నమ్మమంటరు. ముప్ఫై ఏండ్లు పిల్లలకు పాఠాలు చెప్పిన నేను. హోంవర్క్ చేసిన గానీ పుస్తకం ఇంట్ల మరిచిపోయిన అనే పిల్లలను చాలామందిని చూసిన."

ఆ దెబ్బకి నా రిహార్సల్ అంతా గాలికిపోయింది. నేనే ఆ స్థానంలో ఉంటే నమ్ముతానా? నమ్మను. మా పిల్లలు అలాంటి కథ చెబితే సున్నా వేసి పంపిస్తాను. అయినా లేచి వచ్చేస్తే మెట్ల మీద కూర్చున్న మనిషికి మొహం ఎలా చూపించను?

"మీరు ఆ పేజీ పూర్తిగా చదివారాండీ?" అన్నాను. ఏదో ఒకటి మాట్లాడాలని అన్న మాటే తప్ప దాని వెనక నాకు ఏ ఎత్తూ లేదు.

"ఆ ముక్క కాడనే మూసేసిన. ఇంక చదవబుద్ధి కాలే."

"ఒక్కసారి మిగతాది చదవనివ్వండి. మాట్లాడిన మనిషి గొంతు ఎలా ఉందో వినండి. మీ సరళ గొంతు పదకొండేళ్ళుగా మీకు తెలిసిందే కదా."

నేను పుస్తకం తీసి ఆ పేజీ చదివాను. అరచేతిలో వేసుకోవడం దగ్గర ఆవిడ మొహం అటు తిప్పుకున్నారు. నేను ఆగకుండా కింది పేరా కూడా చదివాను.

"గట్ల చూస్తా గాబట్టే ఇన్నేండ్లల్ల ఒక్కపూట సుత ఉప్పు ఎక్కువ గాలే, తక్కువ గాలే. ఆ ఇంటి అయ్యగారు అంటడు, నీ చెయ్యి తక్కెడ లెక్క ఉన్నదని."

పేపరు కిందికి దిగింది. రంగారావు గారు ఒకసారి నన్ను, ఒకసారి భార్యని చూసి, ఆపుకోలేక నవ్వేశారు. కళ్ళలో నీళ్ళొచ్చేంత నవ్వు.

"కమలా, ఇది మన సరళ కాదే!"

"ఊరుకోండి" అన్నారావిడ.

"ఎందుకూరుకోవాలె? మొన్న సోమవారం దోసకాయ పప్పు తిన్నవు గద? అది పప్పా, ఊరగాయా? నిన్నటి సాంబారుల ఉప్పే లేకపాయె... ఓ, నిన్న నువ్వే వండినవు గదా. దానికి ముందటి వారం సాంబారు చెప్తున్న."

"ప్రసాదానికి వంక పెట్టొద్దండీ" అన్నారు కమలమ్మ గారు, అలవాటుగా. అని, ఆగిపోయారు. ఆవిడ పెదవి ఒక పక్క వణికింది. మరుక్షణం ఆవిడ కూడా చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

అప్పుడు అర్థమైంది నాకు. ఆ ఇంట్లో వండిందల్లా ముందు దేవుడికి పోతుంది. దేవుడికి పెట్టాక అది ప్రసాదం. ప్రసాదానికి రుచి బాగాలేదనకూడదు. ఇది కమలమ్మ గారి అత్తగారి నాటి కట్టడి. అందుకని పదకొండేళ్ళుగా ఆ ఇంట్లో ఉప్పు వారానికి రెండుసార్లు తప్పుతున్నా ఒక్కరూ నోరెత్తలేదు. నోట్లో వేసుకోకుండా వండే మనిషి, నోరెత్తకుండా తినే మనుషులు. రుచి చూసి వండే మనిషికి వారానికి రెండుసార్లు ఉప్పు ఎక్కువతక్కువలు కావు.

"లోపలికి పిలువు దాన్ని" అన్నారు రంగారావు గారు.

సరళ వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది, నవ్య నా పక్కకి వచ్చింది. ఆయన జరిగింది చెప్పారు, ఉప్పు సంగతితో సహా. ఆమె కాళ్ళ మీద పడి ఏడుస్తుందేమో అనుకున్నాను. ఆమె నడుం మీద చెయ్యి పెట్టింది.

"అంటే ఏంది సార్? నా వంట్ల ఉప్పు సక్కగ ఉండదనా?"

"రోజూ కాదు సరళా..."

"ఎన్నేండ్ల సంది?"

ఇద్దరు పెద్దవాళ్ళూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"మరి ఎట్ల తిన్నరు?"

"దేవుడు తిన్నడు, మేం తిన్నం" అన్నారు కమలమ్మ గారు. "తక్కువైతే సార్ కలుపుకుంటరు. ఎక్కువైతే పెరుగు పోసుకుంటరు."

"గందుకేనా పెరుగు గంత జెల్దీ అయిపోతది! పిల్లి తాగుతుందనుకుంటి. చెప్పొచ్చు గదమ్మా! నేను వాసన చూసి వండుతా, నా అంత మొనగత్తె లేదని గల్లీల చెప్పుకుంట తిరుగుతున్న."

అప్పుడు ఏడ్చింది. కోపం, సిగ్గు, పని దొరికిన సంతోషం, ఏ పాలు ఎంతో తెలియదు. కమలమ్మ గారు గోడ పట్టుకుని లేచి, ఆ అరిగిన మోకాళ్ళతో గుమ్మం దాకా నడిచి వెళ్ళి, సరళ భుజం మీద చెయ్యి వేశారు. "తప్పైంది సరళా. పదకొండేండ్ల మనిషిని పన్నెండు పేజీల కాయితం చూసి వెళ్ళగొట్టిన" అన్నారు. ఆ మాట నాకూ తగిలింది, తగలాల్సిందే. నవ్య నా పక్కన నిలబడి ముక్కు చీదుకుంటోంది. నాకు అక్కడే కూలబడి మంచినీళ్ళ గ్లాసు ఇంకోటి అడగాలనిపించింది.

మేం లేచాక కమలమ్మ గారు ఇంకో మాట అన్నారు. మాతో కాదు, సరళతో. "సోమవారం సంది రా. దేవునికి పెట్టినంక, మాకు వడ్డించే ముందర, నువ్వు ఒక ముద్ద తిని చూడు. ఎక్కువ తక్కువలు అప్పుడే సవరించు. దేవుని తర్వాత కాబట్టి ఎంగిలి కాదు."

"మీ కంటె ముందు నేనా?" అంది సరళ.

"నా పప్పు ఊరగాయ కాక ముందు" అన్నారు రంగారావు గారు.

ఎవరి తరవాత ఎవరు తింటారన్నది మా సబ్జెక్టులో పెద్ద విషయం. దాని మీద నేను ఏటా మూడు క్లాసులు చెబుతాను, బోర్డు మీద బాణాలు గీసి. ఆ వరస అంత తొందరగా మారదని కూడా చెబుతాను. ఆ రోజు ఒక హాల్లో, సాంబారు గురించి మాట్లాడుకుంటూ, ఒక్క నిమిషంలో మారింది. నేను నోట్‌బుక్ తీయలేదు. తీస్తే మళ్ళీ ఏం తంటా వస్తుందో అని భయం.

కింద రోడ్డు మీదికి వచ్చాక సరళ నవ్యని ముందుకు పంపి నా పక్కన నడిచింది.

"మేడం, ఆమె ఎవలో నాకు తెలిసింది."

ఆ సంతోషంలో నాకు తట్టనే లేదు. ఏ ముక్కతో ఈమె బయటపడిందో, ఆ ముక్కతోనే ఆమె దొరికిపోతుంది. పేరు మార్చాం, ఇల్లు మార్చాం, పిల్లల సంఖ్య మార్చాం, ఆమె చేతి ఉప్పుని మాత్రం అలాగే రాసి పెట్టాం.

"ఉప్పు తప్పనిది మా గల్లీల ఒక్కతే ఉన్నది" అంది సరళ. నా మొహం చూసి నవ్వింది. "భయపడకున్రి. చెప్పను. దాని చేతి వంట తిన్న నేను. ఆ ఇంట్ల దేవుడే మంచిగ కడుపు నిండ తింటున్నడు. దాని పని పోతె నాకేమొస్తది?"

సరళ ఎవరికీ చెప్పలేదు. ఆమె కోసం నేను కవరు చింపలేదు. నేను చేయాల్సిన పనిని ఆమె నాకంటే బాగా చేసింది, సంతకాలూ ఫారాలూ లేకుండా.

ఆ తరవాతి వారం నవ్య గల్లీ అంతా తిరిగి కాపీలు వెనక్కి తెచ్చింది. కమలమ్మ గారు మాత్రం తన కాపీ ఇవ్వలేదు, దిద్దడం ఇంకా పూర్తి కాలేదన్నారు. కొత్త కాపీలు పంచేముందు తొమ్మిది మంది దగ్గరా కూర్చుని ఎవరి పేజీ వాళ్ళకి చదివి వినిపించింది. ముగ్గురు కొన్ని మాటలు తీసేయమన్నారు, తీసేసింది. ఉప్పు పేరా పోయింది. చాలా మంచి పేరా, నాకు ఇప్పటికీ ప్రాణం ఉసూరుమంటుంది.

నా క్లాసులో ఇప్పుడు ఈ పని చేయని డిసర్టేషన్ మీద నేను సంతకం పెట్టను. మారుపేరు పెట్టేముందు ఆ పేరుగల మనిషి ఆ చుట్టుపక్కల లేదని గల్లీలోనే కనుక్కోవాలి, గోడల మీద కాదు. రాసింది అచ్చుకి పోయేముందు చెప్పినవాళ్ళకి చదివి వినిపించాలి. పేరు దాచితే మనిషి దాగినట్టే అనుకోవద్దు, మనిషిని ఇరుగుపొరుగు పోల్చుకునేది పేరుతో కాదు, చేతిపనితో. ఇవన్నీ పుస్తకాల్లో లేవని కాదు, ఉన్నాయి. నేను ఏళ్ళ తరబడి వాటిని పరీక్షల కోసం చెప్పాను.

ఇది రాయాలనుకున్నప్పుడు ముందుగా ఆ ఉప్పు తప్పనావిడని అడిగాను. ఆవిడ ఇప్పుడు ఆ ఇంట్లో లేదు. తనంతట తనే మానేసి ఒక లేడీస్ హాస్టల్లో వండుతోంది, అక్కడ వంద మందికి వంట, రుచి చూసే వడ్డించమని వాళ్ళే అంటారట. "ఇప్పుడేం ఫికర్ లేదు, రాసుకోన్రి" అంది. నవ్య పేరు, పెద్దవాళ్ళిద్దరి పేర్లు, నా పేరుతో సహా మార్చాను. ఆ పేర్లవాళ్ళు ఆ అపార్ట్‌మెంట్‌లో గానీ మా డిపార్ట్‌మెంట్‌లో గానీ లేరని ఈసారి కనుక్కున్నాను.

చివరగా సరళ దగ్గరికి వెళ్ళాను. ఇంకా కమలమ్మ గారింట్లోనే ఉంది. దేవుడి తరవాత మొదటి ముద్ద తనే తింటోంది. జరిగింది పత్రికకి రాస్తున్నానని, తనకి కూడా ఏదో ఒక మారుపేరు పెడతానని చెప్పాను. చేతిలో గరిటె అలాగే పట్టుకుని నా వైపు తిరిగింది.

"వద్దు మేడం. నా పేరు నాకే ఉంచున్రి. మార్చిన్రంటె మళ్ళ ఎవల కొంప ముంచుతరో."